మైపాడు యాత్ర – వడ్డన లేని విందు

నెల్లూరు పేరులోనే అన్నమున్నదని పెద్దలు చెప్పుదురు. తమిళమున 'నెల్లు' అనగా వరి. ఆ మాటనుండియే ఊరికి పేరు వచ్చినదని కొందరును, 'నెల్లి' యనగా ఉసిరిక గావున ఉసిరికచెట్టునుండి వచ్చినదని మరికొందరును వాదింతురు. వరి యైనను ఉసిరిక యైనను మనకు సమ్మతమే. మొదటిది నిత్యము మన కంచములోనిది; రెండవది కార్తిక మాసమున వనభోజనమునకు మనము నీడగా వెదకుకొనునది. పెన్నానది కాలువల క్రింద పండు మొలగొలుకుల బియ్యము రుచి యెరిగినవారు నెల్లూరును మరవలేరు. చెన్నపట్టణమున, బెంగుళూరున, హైదరాబాదున నెల్లూరు పేరు పెట్టుకొన్న భోజనశాలలు పెక్కు కానవచ్చును. ఊరిపేరు తలుపుపై వ్రాసికొన్నంతనే జనులు లోనికి వచ్చుచున్నారనగా, ఆ ఊరి వంటకును వడ్డనకును ఎంత మంచిపేరు కలదో ఊహింపవచ్చును. అట్టి సీమలోనే, సముద్రపు గాలి తగులు చోట, మాకు కలిగిన యొక యనుభవమును సోదరీమణులకు చెప్పదలచి ఈ వ్యాసము వ్రాయుచున్నాను. మైపాడు యాత్రావిశేషములును ఇందు కలవు గాన, పోదలచినవారికి కొంత ఉపయోగపడవచ్చును.

మైపాడు నెల్లూరునకు తూర్పుగా సుమారు 25 కిలోమీటర్ల దూరమున నున్నది. ఇందుకూరుపేట మీదుగా బస్సులును ఆటోలును పోవుచుండును. ఊరు దాటినది మొదలు దారికి ఇరుప్రక్కల వరిచేలు కన్నులపండువుగా నుండును. తీరము సమీపించినకొలది చేలు తగ్గి రొయ్యల గుంటలు కనబడును. వానిలో చక్రములు తిరుగుచు రేయింబవళ్లు నీటిని చిలుకుచుండును. ఆ గాలి లేనిచో రొయ్య బ్రదుకదు. 1990 తరువాతి సంవత్సరములలో ఈ సాగు ఈ తీరమున మిక్కిలి వేగముగా వ్యాపించినది. చేలకును త్రాగునీటికిని ఉప్పు తగులుచున్నదని దేశమున పలుచోట్ల తీరవాసులు మొరపెట్టుకొనగా, 1996లో సుప్రీముకోర్టు తీరప్రాంతపు రొయ్యలసాగునకు కట్టుబాట్లు విధించెను. నేడిక్కడి రొయ్యలు మంచుపెట్టెలలో సముద్రములు దాటి పరదేశీయుల పళ్లెములకు చేరుచున్నవి.

సముద్రమునకు కొంచెము ఇవతల బకింగుహాము కాలువను దాటవలెను. ఒకప్పుడు ఉప్పును ధాన్యమును మోసిన పడవలు దీనిపై చెన్నపట్టణమువరకు సాగుచుండెడివి. 1876–78 నాటి గొప్ప కరవులో ఆకలిబాధితులకు పని కల్పించుటకై ఈ కాలువ పనులను కొంత చేయించిరి. ఆనాటి మద్రాసు గవర్నరు బకింగుహాము ప్రభువు పేరే దీనికి నిలిచినది. గుప్పెడు గంజికై గునపము పట్టినవారి చెమట ఇందు కలిసియున్నదని తలచుకొన్నచో, ఆ నిశ్చలమైన నీటిని చూచుచు ఊరక దాటిపోవుటకు మనసొప్పదు.

కాలువ దాటి సరుగుడు తోటల నీడను కొంత దూరము పోగానే సముద్రఘోష వినవచ్చును. ఇసుక మెత్తనిది, తీరము విశాలమైనది. కార్తిక పూర్ణిమనాడు స్త్రీలు అరటిదొప్పలలో దీపములు వెలిగించి నీటిలో విడుతురు. అలలు బలమైనవి గాన పిల్లల చేయి విడువరాదు. పర్వదినములలో పోలీసువారు కట్టిన త్రాళ్లను దాటరాదు. వేకువనే పోయినచో పట్టపువారి పడవలు ఒడ్డుకు చేరుటయు, వలలు దులుపుటయు, స్త్రీలు చేపలను తట్టలకెత్తి బేరమాడుటయు చూడవచ్చును. 2004 డిసెంబరు 26 నాటి సునామీ ఈ తీరమును కూడ తాకినది. కొంచెము దక్షిణమున కోడూరు తీరమున వేళాంగణిమాత దేవాలయము కలదు. ఇంకను దక్షిణమునకు పోయినచో 2008లో ప్రారంభమైన కృష్ణపట్నపు ఓడరేవును, సీతకాలమున ఫ్లెమింగో కొంగలు విడిదిచేయు పులికాటు సరస్సును చూడవచ్చును.

ఇక అసలు సంగతికి వచ్చెదను. గడచిన కార్తికమున నొక ఆదివారము మేము సముద్రస్నానమునకు పోతిమి. మావారు, నేను, మా యిద్దరు పిల్లలు, చంటిబిడ్డతో మా ఆడబిడ్డ, డెబ్బదియారేండ్ల మా అత్తగారు – ఇంతవరకు మా బృందము. అత్తగారికి మోకాళ్ల నొప్పి. కార్తికమున ఆమె నీచు ముట్టరు. స్నానము కానిదే మంచినీరైన త్రాగరు. స్నానము, దీపము ముగియుసరికి పదకొండు గంటలు దాటినది. తిరుగు త్రోవలో నొక పెద్ద భోజనశాల కనబడగా ఆగితిమి. దాని పేరు వ్రాయను. పేరు తెలిసికొనుటకంటె జరిగినది తెలిసికొనుట మనకు ముఖ్యము.

అది ఈనాడు 'బఫే' యని పిలువబడు పద్ధతి భోజనశాల. బల్లలమీద వంటకములను వరుసగా నుంచుదురు. ఎవరికి కావలసినది వారు పెట్టుకొని తినవలెను. ముప్పది రెండు రకములని వాకిట పెద్ద బల్లమీద వ్రాసియున్నది. తలకు 450 రూపాయలు ముందుగనే చెల్లింపవలెను. అయిదేండ్లు దాటిన పిల్లలకు కూడ అదే వెల. ఆరుగురికి 2,700 రూపాయలు. ఆదివారము గావున లోపల నూరుమందికి తక్కువ లేరు. వరుస వాకిటివరకు వచ్చియున్నది. కుర్చీలు ముప్పదికి మించవు. తక్కినవారు పళ్లెము చేతబట్టి గోడలకు చేరగిలబడియుండిరి.

అత్తగారిని కూర్చుండబెట్టుటకు ఒక కుర్చీ కావలెనని డబ్బు పుచ్చుకొను నతని నడిగితిని. అతడు తలయెత్తక, "ఇది బఫే అమ్మా. ఖాళీ అయినప్పుడు మీరే చూసుకోవాల" అనెను. ఆమె స్తంభము నానుకొని నిలిచిరి. నేను వరుసలో నిలిచి ఆమెకొక పళ్లెము తీసికొని పోయితిని. పళ్లెములింకను తడిగా నున్నవి. పప్పు అడుగంటినది, క్రొత్తది ఎప్పుడు వచ్చునో చెప్పువారు లేరు. వంకాయకూరలోని గరిటెను ఎవరో ప్రక్కనున్న చేపల పులుసులో ముంచి, మరల కూరలోనే పెట్టిరి. నేను కన్నులార చూచితిని గాన ఆ కూర పెట్టలేదు. చూడనివారి సంగతి యేమి? నెల్లూరి చేపల పులుసు, మామిడికాయ ముక్క పడిన పులుసు, మరునాటికి మరింత రుచిగా నుండునని తినువారు చెప్పుదురు. కాని దాని గరిటె వ్రతమున్నవారి కూరలో మునుగుట ఏ నాటికిని రుచి కాదు. వేరు గరిటె పెట్టింపుడని చెప్పగా బల్లవద్ద నున్నతడు నవ్వి ఊరకుండెను.

అన్నము, పెరుగు, ఊరగాయ పెట్టుకొని నేను అత్తగారివద్దకు పోవుచుండగా మరియొకడు అడ్డమువచ్చి, ఎవరి పళ్లెము వారే పట్టవలెననియు, ఒకరు రెండు పళ్లెములు తీసికొనరాదనియు పలికెను. ఆరుగురి వెల చెల్లించితిమని చీటీ చూపితిని. చీటీ చదువునంతలో చేతిలోని అన్నము చల్లారినది. ఇక త్రాగునీరు సీసాలలో నమ్మునదే తప్ప వేరు లేదు. ఇటు ఆడబిడ్డ ఒక చేత బిడ్డనెత్తుకొని, రెండవ చేత పళ్లెము పట్టుకొని, ఏ చేతితో తినవలెనో తెలియక పళ్లెమును కిటికీమీద పెట్టి నిలిచినది. ముప్పది రెండు రకముల నడుమ ఆ పిల్లతల్లికి నాలుగు ముద్దలు దక్కలేదు.

ఈ కోలాహలమును వెనుకనుండి చూచినది ఒక ముసలిది, పళ్లెములు కడుగునది. తడిచేతులు చెంగున తుడుచుకొని, తాను కూర్చుండు పీటను తెచ్చి వేసి, "పెద్దామె నిలబడుండాదే, ఎవురూ చూడలేదేందిమ్మా" అనుచు అత్తగారి చేయి పట్టి కూర్చుండబెట్టినది. తన చెంబుతో నీళ్లిచ్చినది. ఆ భోజనశాలలో మాకు జరిగిన వడ్డన అదియొక్కటే. దానికి జీతము పుచ్చుకొనుచున్నది ఆమె కాదు.

పోవునపుడు మరియొక చీటీ చేతికిచ్చిరి. అందు సర్వీసు ఛార్జి 270 రూపాయలు! సర్వీసనగా సేవ. ఏ సేవకీ వెల యని నేనడిగితిని. "కంప్యూటరులో అట్లనే వస్తుందమ్మా" అని జవాబు. ఇది కట్టక తప్పనిది కాదని మేము గట్టిగా చెప్పగా, యజమాని వచ్చి మారుమాటాడక దానిని కొట్టివేసెను. డబ్బు మిగిలినది, అత్తగారి ఆకలి తీరలేదు. పీటమీద ఆమె రెండు ముద్దలు తిని లేచిరి. ఇందుకూరుపేట దాటిన తరువాత దారిప్రక్క నొక పూరిపాకలో ఇడ్లీలు వేయుచున్న యామెవద్ద ఆగితిమి. వేళగానివేళ పొయ్యి మరల రాజవేసి ఆమె మూడిడ్లీలు పెట్టి, "ఇంకొకటి వేసేదా అవ్వా?" అని అడిగినది. అత్తగారు నాలుగవది కూడ తినిరి.

ఆ యడుగుట యనునదే వడ్డన. మన పెద్దలు దానినొక విద్యగా నేర్చిరి. ఆకు కొన ఎడమప్రక్కకు రావలెను. ఉప్పు ఎక్కడ, ఊరగాయ ఎక్కడ, పప్పు ఎప్పుడు, నేయి ఎప్పుడు అను క్రమము కలదు. అది పైక్రమము మాత్రమే. లోపలిది వేరు. వడ్డించునామె చేతితో వడ్డించుచు కంటితో వెనుకటి ఆకులను చూచుచుండవలెను. 'చాలు' అనునది నిజముగా చాలుననుటయో, మొగమాటమో గుర్తింపవలెను. పండ్లు లేని తాతగారికి మెత్తని అన్నము, పసివానికి కారము తగలని కూర, బాలింతకు వేడిచారు అడుగకయే పోవలెను. వడ్డించువాడు మనవాడైనచో కడబంతిని కూర్చున్నను నష్టము లేదని సామెత. ఆ భోజనశాలలో వడ్డించువాడే లేడు. వాడు లేకున్న మనవాడెవడు?

అట్లని పాత బంతిభోజనములన్నియు స్వర్గములని నేననను. ఆ బంతులలో పంక్తిభేదములుండెడివి. కొందరిని లోపలికే రానీయరైరి. వడ్డించిన ఆడవారు అందరి తరువాత, ఆరిన అన్నము, అడుగంటిన పులుసు తినెడివారు. వంగి వంగి నడుములు నొచ్చినను 'అమ్మా, నీవు తింటివా' అని అడిగినవారు అరుదు. బఫే పద్ధతి ఈ దోషములను కొంత తీర్చినది. అందు అందరిదొకటే వరుస. ఇష్టమైనది ఇష్టమైనంత పెట్టుకొనవచ్చును. ఇంటి ఇల్లాలు కూడ అతిథులతోబాటే తినవచ్చును. ఈ పద్ధతి మనది కాదు. స్వీడను దేశమున చిరకాలముగా నొక పెద్ద బల్లమీద వంటకములన్ని పరచి ఎవరికి వారు తీసికొను ఆచారము కలదు. 1939లో న్యూయార్కు నగరమున జరిగిన ప్రపంచప్రదర్శనలో దానిని చూచి అమెరికావారు ముచ్చటపడిరి. 1958లో జపాను దేశపు టోక్యోలో ఇంపీరియలు హోటలువారు అదే పద్ధతిని ప్రారంభించి 'వైకింగు' అని పేరుపెట్టగా, ఆ దేశమున ఇట్టి భోజనమునకంతకును నేటికిని ఆ పేరే వాడుకలో నిలిచినది. మన పెండ్లిండ్లలోను ఇప్పుడిదియే సాగుచున్నది.

నిలుచుండి పుచ్చుకొనుటయు అవమానము కాదు. నెల్లూరిలోనే స్వర్ణాల చెరువుగట్టున బారాషహీదు దర్గావద్ద మొహరము దినములలో రొట్టెల పండుగ జరుగును. మతభేదము లేక వేలకొలది జనులు, అందును స్త్రీలు మిక్కుటముగా, చెరువునీటిలో నిలిచి రొట్టెలు మార్చుకొందురు. సంతానమునకు, వివాహమునకు, విద్యకు, ఆరోగ్యమునకు వేరువేరు రొట్టెలు. కోర్కె తీరినవారు మరుసటియేట రొట్టె తెచ్చి, ఆ కోర్కెయే గలవారి కిత్తురు. అక్కడ పీట లేదు, ఆకు లేదు. అయినను ఇచ్చునామె పుచ్చుకొనునామె ముఖము చూచి, 'నీకే కోర్కె' యని అడిగి ఇచ్చును. ఉభయగోదావరుల నడుమ లంకలగన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళకాని వేళ వచ్చినవారికి కూడ వండిపెట్టి అన్నపూర్ణ యని పేరుగాంచిరి. ఆమె పేరు నిలిచినది వంటకముల లెక్కవలన కాదు.

కావున దోషము బఫేలో లేదు. వడ్డన అక్కరలేదు గనుక మనుష్యులక్కరలేదని యజమాని తలచుటలో నున్నది. ఆ దినమున నూరుమందికి బల్లలవద్ద నున్నవారు ఇద్దరే కుర్రవాండ్రు. వారిలో నొకడు ఒడిశానుండి వచ్చినవాడు. తెలుగు నాలుగు మాటలకు మించి రాదు. తెల్లవారుజామున ఐదు గంటలనుండి నిలిచియున్నానని మావారితో చెప్పెను. వానిపై కోపించి ఏమి లాభము? నలుగురి పని ఇద్దరిచేత చేయించి, మిగిలిన జీతమును పెట్టెలో వేసికొని, అతిథులవద్ద సేవకు వేరుగా రుసుము కోరినవానిది తప్పు.

ఇట్టిచోట మనకు గల హక్కులను కొన్నింటిని సోదరీమణులు గుర్తుంచుకొనవలెను. సర్వీసు ఛార్జిని భోజనశాలవారు బిల్లులో తమంత తాము చేర్చి వసూలు చేయరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలై 4న నియమములు వెలువరించినది. హోటలువారి సంఘములు దీనిపై వ్యాజ్యమాడగా, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న ఆ నియమములను సమర్థించినది. ఇష్టమైనచో ఇయ్యవచ్చును, బలవంతము లేదు. ప్రభుత్వమునకు చెల్లు జి.ఎస్.టి. వేరు, దానిని దీనితో కలిపి తికమక పడరాదు. అన్యాయము జరిగినచో 1915 అను సంఖ్యకు ఫోనుచేసి ఫిర్యాదు చెప్పుకొనవచ్చును. 2019 నాటి వినియోగదారుల రక్షణచట్టము క్రింద జిల్లా కమిషనునకు పోవు దారియు కలదు. దీనికంతకును చీటీ ముఖ్యము గాన దానిని పారవేయరాదు. మరియొక మాట. గంటలకొలది బల్లమీద నుండు వేడి వంటకములు కనీసము 60 డిగ్రీల వేడిమికి తగ్గకుండవలెను; లేనిచో చెడు క్రిములు పెరుగును. పాత్రపై ఆవిరి లేక గోరువెచ్చగా నున్న కూరను, అందును మాంసము, రొయ్యలు, చేపలను, వెల చెల్లించితిమి గదా యని తినరాదు.

డబ్బు చెల్లింపకముందే మూడు ప్రశ్నలు వేయుట మేలు: ముసలివారికి కూర్చుండ చోటున్నదా? శాకములకు వేరు బల్ల, వేరు గరిటె కలవా? త్రాగునీరు ఊరక దొరకునా? జవాబు సరిగా లేకున్న మరియొక చోటికి పోవచ్చును. డబ్బు చెల్లించిన పిమ్మట ఈ స్వతంత్రము మనకుండదు.

భోజనశాలవారికి చెప్పినట్లే మనకు మనమును చెప్పుకొనవలెను. మన ఇండ్ల పెండ్లిండ్లలో, ఉపనయనములలో, గృహప్రవేశములలో పందిరిక్రింద బల్లలు పరచి, 'అందరు భోంచేయండి' అని ఒక కేకవేసి, ఫొటోలు తీయించుకొనుటకు పోవుచున్నాము. ఆ మూల కుర్చీలో నొక పెద్దమ్మ ఎవరైన పెట్టితెత్తురేమోయని చూచుచుండును. అడుగుటకు ఆమెకు అభిమానము అడ్డము. ఆమె తినకయే ఇంటికి పోయినట్లు మనకు తెలియను కూడ తెలియదు. రాబోవు శుభకార్యములలో ఒక ఏర్పాటు చేయుదము. బల్లలు తెరువకముందే ముసలివారికి, గర్భిణులకు, బిడ్డతల్లులకు కుర్చీలు వేయించి ఒక బంతి కట్టుదము. వారికి వడ్డించుటకై ఇంటివారిలో ఇద్దరిని, మగవారిలో నొకరిని ఆడువారిలో నొకరిని, ముందుగనే నియమింతము. ఆ ఇద్దరికి ఆ వేళ వేరు పని చెప్పరాదు. పళ్లెములు కడుగువారికిని, కారు నడుపువారికిని భోజనము తీసి ప్రక్కన పెట్టింతము. ఆ బంతి లేచిన తరువాతనే తక్కినవారికి బల్లలు తెరువుడు.